పొగ రాని పొగాకు – రక్తపుపోటు



ఈ కార్యక్రమంలో మామూలుగా మనం విత్తనాల సంగతి, ఎరువుల సంగతి, చీడపీడల సంగతి ముచ్చటించుకుంటూ వుంటాము. ఇవాళ పంట సంగతి పక్కన బెట్టి, పంట పండించే మనిషి సంగతి మాట్లాడదలచుకున్నాను. ఎద్దు మేత మానేస్తే ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరకు తోలుకుపోతాము. బావి మీద మోటారు వేడెక్కితే వెంటనే ఆపి చూస్తాము. మరి మన రొమ్ములో వుండి, రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటూ, పుట్టింది మొదలు ఒక్క పూట కూడా సెలవు తీసుకోని గుండె అనే మోటారును మనలో ఎంతమంది చూపించుకున్నాము? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ముందు ఒక రైతు సంగతి చెబుతాను. ఆయన పేరు చెప్పను. ముదిగొండ మండలంలో, మున్నేటికి దగ్గరలో ఆయన వూరు. సొంతంగా రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు. వరి కొంత, మిగిలినదంతా మిరప. వయస్సు యాభై దాటింది. బీడీ గాని, చుట్ట గాని ఎన్నడూ ముట్టి ఎరగడు. ఆయన తమ్ముడు చుట్ట కాలుస్తాడు. "ఒరే, ఆ పొగతో నీ గుండెకాయ మాడిపోతుందిరా" అని తమ్ముణ్ణి కోప్పడుతూ వుండేవాడు. తనకు మాత్రం బొడ్లో ఒక పొగాకు కాడ, ఒక సున్నపు కాయ ఎప్పుడూ వుండవలసిందే. ఇంత ఆకు తుంచి, అరచేతిలో వేసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపి, చెంపలో పెట్టుకునేవాడు. పొద్దున లేచిన దగ్గరనుంచి రాత్రి పడుకునేదాకా ఎనిమిదిసార్లో పదిసార్లో. ముప్పై ఏళ్ల అలవాటు.

ఒకసారి వూళ్లో ఆరోగ్యశిబిరం పెట్టినప్పుడు నేను కూడ అక్కడే వున్నాను. నర్సమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి చూసింది. పైది 172, కిందది 104. "పెద్దాయనా, రక్తపుపోటు చాలా వున్నది, మాత్రలు వాడాలి, ఆ పొగాకు మానాలి" అన్నది. ఆయన నవ్వి, "నాకేమైందమ్మా, రాయిలాగున్నాను. బస్తా ఎత్తి భుజాన వేసుకుంటాను. నేనేమన్నా పొగ తాగుతానా?" అన్నాడు. అయినా మాత్రలు తీసుకున్నాడు. నెల రోజులు వేసుకున్నాడు. ఒంట్లో ఏ మార్పూ తెలియలేదు. తెలియకపోయేసరికి మానేశాడు.

మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. కళ్లంలో కాయ ఎండుతున్నది. తాలు ఏరుతున్నారు, బస్తాలు తొక్కుతున్నారు. మర్నాడు ఖమ్మం మార్కెట్టుకు బండి పోవాలి. ఆయన పొగాకు నలుపుతూ నలుపుతూ వుండగా, అరచేతిలోది జారి కింద పడింది. వంగి తీసుకోబోతే కుడిచేయి లేవలేదు. భార్యను పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. పక్షవాతం.

ప్రాణం దక్కింది. కాని బస్తా ఎత్తిన ఆ చేయి ఇప్పుడు గ్లాసు పట్టుకోవడానికి తడబడుతున్నది. కౌలు పొలం వదులుకున్నాడు. ఆ ఏడు కాయ అమ్మగా వచ్చిన డబ్బు ఆసుపత్రికే సరిపోయింది. ఆయనకు పక్షవాతం ఒక్క పొగాకు వల్లనే వచ్చిందని నేను చెప్పను. వయస్సు వున్నది, ఉప్పు వున్నది, మానేసిన మాత్రలు వున్నవి. అయితే వీటన్నిటిలో ఆయన రోజుకు పదిసార్లు తన చేతులారా చేసుకున్నది ఏది అంటే, పొగాకే. అందువల్ల ఈ పొగ రాని పొగాకుకూ, రక్తపుపోటుకూ సంబంధం ఏమిటో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదట రక్తపుపోటు అంటే ఏమిటో చూద్దాం. మోటారు వేసి పొలానికి రబ్బరు గొట్టంతో నీళ్లు పెడతారు గదా. గొట్టం వెడల్పుగా, మెత్తగా వున్నంతసేపు నీళ్లు సాఫీగా పోతవి. గొట్టం మూతిని బొటనవేలితో నొక్కండి, ఏమవుతుంది? లోపల వత్తిడి పెరుగుతుంది. గొట్టం బిగుసుకుంటుంది. జాయింటు దగ్గర చిమ్ముతుంది. పాతబడిన గొట్టమైతే ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఇటు మోటారు మీద కూడ భారం పడుతుంది. మన శరీరంలో గుండె మోటారు, రక్తనాళాలు గొట్టాలు. ఆ నాళాల గోడల మీద రక్తం వేసే వత్తిడే రక్తపుపోటు.

దీనికి రెండు అంకెలు వుంటవి. గుండె ముడుచుకొని రక్తాన్ని తోసినప్పటి వత్తిడి పై అంకె. గుండె వదులైనప్పటి వత్తిడి కింది అంకె. ఆరోగ్యంగా వున్నవారికి పైది 120, కిందది 80, ఆ దరిదాపుల్లో వుంటుంది. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు, వేరువేరు రోజులలో చూసినా పైది 140 గాని, కిందది 90 గాని, అంతకు మించి గాని వుంటే దానిని రక్తపుపోటు జబ్బు అంటారు. ఇది నొప్పి లేని జబ్బు. చాప కింద నీరులాగా వస్తుంది. తలనొప్పి వస్తేనే, కళ్లు తిరిగితేనే బి.పి. అనుకోవడం పొరపాటు. చాలామందికి ఏమీ తెలియదు. తెలిసేసరికి మెదడులో నాళం చితకడమో, పూడడమో, గుండె దెబ్బతినడమో, మూత్రపిండాలు చెడిపోవడమో జరిగిపోయి వుంటుంది. పట్టీ చుట్టి చూస్తేనే తెలుస్తుంది తప్ప, మనిషిని చూసి చెప్పే వీలు లేదు.

ఇక పొగాకు సంగతి. పొగాకూ, మిరపా రెండూ మన దేశపు మొక్కలు కావు. రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినవి. ఒకటి మన కూరలో కుదురుకున్నది, రెండవది మన చెంపలో కుదురుకున్నది. పొగాకులో వుండే ఘాటు పదార్థం పేరు నికోటిన్. పొగాకును ఫ్రాన్సు రాజాస్థానానికి పంపిన జా నికో అనే రాయబారి పేరు మీద ఆ పేరు వచ్చింది. 1828లో జర్మనీ దేశంలో దీనిని ఆకులోనుంచి వేరుచేసి తీశారు.

ఈ నికోటిన్ మొక్క వేళ్లలో తయారై, ఆకులకు ఎక్కుతుంది. మొక్క దీనిని ఎందుకు తయారుచేసుకుంటున్నది? తన్ను పురుగు తినకుండా. పొగాకు వేసిన రైతులకు తెలుసు – మొగ్గ కనబడగానే తల తుంచుతారు, పిలకలు గిల్లుతారు. అప్పుడు ఆకు మందం కడుతుంది, నికోటిన్ ఎక్కువవుతుంది. పేనుబంక మీద పొగాకు కషాయం చల్లడం మన పెద్దలు చేసినదే. నికోటిన్ సల్ఫేటు అనే పురుగుమందు ఒకప్పుడు అంగళ్లలో అమ్మేవారు. అంటే పురుగును చంపే సరుకునే మనం చెంపలో పెట్టుకొని, దాని రసం మింగుతున్నామన్నమాట.

నికోటిన్ ఒంట్లోకి పోగానే ఏం చేస్తుంది? మూత్రపిండాల మీద టోపీలలాగా రెండు చిన్న గ్రంథులు వుంటవి. ఎద్దు పొడవటానికి వచ్చినప్పుడు, పాము కనబడినప్పుడు గుండె దడదడ కొట్టుకుంటుంది చూడండి, ఆ దడకు కారణం ఆ గ్రంథులు వదిలే అడ్రినలిన్ అనే రసం. నికోటిన్ ఏ పామూ లేకుండానే ఆ రసాన్ని విడుదల చేయిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. రక్తనాళాలు ముడుచుకుంటవి. మోటారు జోరు పెంచి, గొట్టం మూతి నొక్కినట్లు. అందువల్ల పోటు పెరుగుతుంది. నమిలినవాడికి "కాస్త హుషారు వచ్చింది" అనిపిస్తుంది. ఆ హుషారు గుండెను కొట్టి తెచ్చిన హుషారు.

"పొగ తాగేవారికి గదా ఇదంతా, మేము పొగ వదలడం లేదు గదా" అని మీరు అడగవచ్చు. సరిగ్గా ఇక్కడే మనం మోసపోతున్నాము. నికోటిన్ పొగలో పుట్టలేదు, ఆకులో వున్నది. ఊపిరితిత్తుల గుండా పోయినా, చెంప గుండా పోయినా, నశ్యమై ముక్కు గుండా పోయినా, చేరవలసింది రక్తానికే. ఖైనీ అనండి, జర్దా అనండి, అంబరు అనండి, గుట్కా అనండి, పేర్లు వేరైనా దినుసు ఒకటే.

ఇందులో సున్నం చేసే పని ఒకటి వున్నది, దానిని రైతులు తేలికగా గ్రహించగలరు. అమోనియం సల్ఫేటులో సున్నం కలపవద్దని మీకు చెబుతూ వుంటాము. కలిపితే ఏమవుతుంది? ఘాటు వాసన వేస్తుంది. ఎరువులో కట్టుబడి వున్న నత్రజని అమోనియా వాయువై విడిపోయి లేచిపోతుంది. పొగాకులో కూడ నికోటిన్ చాలా భాగం ఆమ్లాలతో కట్టుబడి వుంటుంది. కట్టుబడి వున్న నికోటిన్ చెంప చర్మం గుండా అంత తేలికగా పోదు. సున్నం తగిలితే ఆ కట్టు విడుతుంది. విడిన నికోటిన్ చెంప లోపలి పలుచని చర్మం గుండా చరచర రక్తంలోకి పోతుంది. అరచేతిలో నలిపేటప్పుడు ముక్కుకు తగిలే ఆ ఘాటు దీనికి గుర్తు. సున్నం ఎక్కువైతే చెంప పొక్కడం ఒక్కటే నష్టమని అనుకుంటాము. గుండెకు తలుపు తీసి పెడుతున్నది కూడ ఆ సున్నమే.

ఇంకొక తేడా కూడ వున్నది. పొగ తాగినప్పుడు నికోటిన్ గబుక్కున ఎక్కి, తొందరగా దిగడం మొదలుపెడుతుంది. చెంపలో పెట్టినది నెమ్మదిగా ఎక్కి, పెట్టుకున్నంతసేపూ నిలిచి, ఉమ్మేసిన తరువాత కూడ చాలాసేపు వుంటుంది. ఒకసారి పెట్టుకున్నది అరగంట వుంచుకుంటారనుకోండి. రోజుకు పదిసార్లయితే అయిదు గంటలు చెంపలోనే వున్నది. దాని ప్రభావం ఇంకా ఎక్కువసేపు. అంటే ఆ మనిషి మెలకువగా వున్న కాలంలో పెద్ద భాగం గొట్టం మూతి నొక్కే వుంటున్నది.

ఇక్కడ ఒక మాట దాపరికం లేకుండా చెప్పాలి. పొగాకు పెట్టుకున్న ప్రతిసారీ పోటు పెరుగుతుందనేది రూఢి అయిన విషయం. ఏళ్ల తరబడి నమిలేవారికి పోటు శాశ్వతంగా పెరిగిపోతుందా అంటే, పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్నింటిలో నమిలేవారికి పోటు ఎక్కువగా కనిపించింది, కొన్నింటిలో అంత తేడా కనిపించలేదు. కాని గుండె సంగతిలో అంత సందేహం లేదు. మన దేశంతో సహా 52 దేశాలలో జరిపి, 2006లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధనలో, పొగాకు ఎన్నడూ ముట్టనివారికంటె పొగాకు నమిలేవారికి గుండెపోటు ముప్పు రెండు రెట్లకు పైగా వున్నట్లు తేలింది. నమలడమూ, కాల్చడమూ రెండూ వున్నవారికి సుమారు నాలుగు రెట్లు. నోటి పొగాకు క్యాన్సరు తెస్తుందన్నది ఎన్నడో నిర్ధారణ అయిన సంగతి. కాబట్టి "పోటు సంగతి తేలలేదు గదా" అని నిమ్మళంగా వుండడానికి వీలు లేదు. అందులోనూ ఇప్పటికే పోటు వున్నవాడు నమలడం ఎలా వుంటుందంటే, పగుళ్లు వచ్చిన పాత గొట్టానికి మోటారు జోరు పెంచినట్లు వుంటుంది.

మాత్రలు వేసుకుంటూ పొగాకు నమిలేవారు కూడ వున్నారు. ఆమ్లోడిపిన్ వంటి మాత్ర రక్తనాళాన్ని వదులుచేస్తుంది. పొగాకు దానిని బిగిస్తుంది. ఒక కాడికి రెండెద్దులు కట్టి, ఒకదానిని తూర్పుకు, ఒకదానిని పడమరకు తోలితే అరక సాగుతుందా?

ఈ అలవాటు ఏ కొద్దిమందిదో అనుకోకండి. కేంద్రప్రభుత్వం 2016-17లో జరిపించిన సర్వేలో, దేశంలో 15 ఏళ్లు పైబడినవారిలో నూటికి 21 మందికి పైగా పొగ రాని పొగాకు వాడుతున్నట్లు తేలింది. పొగ తాగేవారు నూటికి 11 మంది లోపే. ఆడవారిలో పొగ తాగేవారు నూటికి ఇద్దరైతే, నమిలేవారు, పళ్లకు రుద్దుకునేవారు నూటికి దాదాపు 13 మంది. అంటే పొగ కనబడదు కాబట్టి ఇది ఆడవారిలో చాటుగా సాగుతున్నది.

ఇది మన ప్రాంతంలో కళ్లారా చూడవచ్చు. మిరప కోతలకు భద్రాచలం అడవి వైపునుంచి, ఎల్ల దాటి ఛత్తీస్‌గఢ్ వైపునుంచి కూలీలు ముఠాలుగా వస్తారు. తోట పక్కనే గుడిసెలు వేసుకొని, నెలలకొద్దీ వుంటారు. ఒక తోటలో ఒక తల్లిని అడిగాను: "అమ్మా, పొద్దున్నే ఇది ఎందుకు పెట్టుకుంటావు?" అని. "ఆకలి తెలవదు బాబూ. మధ్యాహ్నం దాకా నెట్టుకపోవచ్చు" అన్నది. ఆమె చెప్పింది నిజమే. నికోటిన్ ఆకలిని అణుస్తుంది. కాని ఆకలి చచ్చినంత మాత్రాన కడుపు నిండదు గదా. ఖాళీ కడుపు, ఎర్రటి ఎండ, మిరప ఘాటు, చెంపలో పొగాకు – ఇన్నిటినీ ఆ గుండె మోయాలి. గర్భంతో వున్న తల్లులైతే ఇంకా ప్రమాదం. బిడ్డ బరువు తక్కువగా పుట్టడానికి నోటి పొగాకు ఒక కారణం.

తోట యజమానులకు ఒక మనవి. కూలీలకు పొద్దున ఆకూ, వక్కా, పొగాకూ ఇవ్వడం కొన్ని చోట్ల మర్యాదగా వస్తున్నది. ఆ మర్యాదను మార్చండి. అదే డబ్బుతో పొద్దున ఇంత అంబలి, పది గంటలకు పలుచని మజ్జిగ, చెట్టు నీడన ఒక కుండ మంచినీళ్లు పెట్టండి. ఆకలి వేసినవారికి తిండి ఇవ్వడం మర్యాద గాని, ఆకలిని చంపే ఆకు ఇవ్వడం మర్యాద కాదు. పని కూడ తగ్గదు.

మందు చల్లేవారికి ఇంకొక మాట. పురుగుమందు కలిపిన చేతితో పొగాకు నలిపి నోట్లో పెట్టుకుంటే, రెండు విషాలు ఒక్క దోవన పోతవి. మందు చల్లేటప్పుడు తినకూడదు, తాగకూడదు, నమలకూడదు. సబ్బుతో చేతులు కడిగిన తరువాతనే ఏదైనా.

ఇక మానడం ఎట్లా? "మానాలని వున్నది గాని, మానితే తల పగిలిపోతుంది" అంటారు. ఆ బాధ నిజమే. మానిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం వుంటవి. అవి క్రమంగా తగ్గి, రెండు మూడు వారాలలో చాలావరకు పోతవి. జిల అనేది ఒక్కసారి వచ్చి కొద్ది నిమిషాలు వుండి పోతుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించడమే విద్య. అందుకు కొన్ని పద్ధతులు చెబుతాను.

ఒక రోజు నిర్ణయించుకోండి. కోతలు, పెళ్లిళ్లు లేని రోజులైతే మంచిది. ఆ రోజు పొగాకు కాడనూ, సున్నపు కాయనూ రెండిటినీ ఇంట్లోనుంచి తీసివేయండి. సున్నపు కాయ బొడ్లో వుంటే చేయి దానంతట అదే దాని మీదకు పోతుంది. జేబులో సోంపు, లవంగం, వేయించిన శనగలు వుంచుకోండి. ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు మాత్రం వద్దు, పోటు వున్నవారికి ఉప్పు కూడ శత్రువే. జిల వచ్చినప్పుడు గ్లాసెడు నీళ్లు తాగి, గట్టు మీద నాలుగు అడుగులు వేయండి. ఇంట్లో ఇల్లాలికి, పనిలో తోటివారికి ముందుగానే చెప్పండి. "ఇంద మామా, ఒక్కసారికి ఏం కాదులే" అని చేయి చాచేవారు వుంటారు. ఆ ఒక్కసారే మళ్లీ మొదలు. ఒకవేళ జారినా, అంతా పోయిందనుకోకండి. మొలక రాకపోతే మళ్లీ విత్తనం వేయడం లేదా? ఇది కూడ అంతే.

మీ అంతట మీకు సాధ్యం కాకపోతే, డాక్టరు సలహాతో వాడే నికోటిన్ గమ్ములు, మందులు వున్నవి. 1800-11-2356 అనే నంబరుకు ఫోను చేస్తే, మానడానికి ఉచితంగా సలహా చెప్పే జాతీయ సేవ 2016లో మొదలైంది. ఖర్చు లెక్క కూడ ఒకసారి వేసుకోండి. రోజుకు ఇరవై రూపాయల సరుకు కొనేవాడు ఏడాదికి 7,300 రూపాయలు ఉమ్మివేస్తున్నాడు.

పొగాకు మానడంతోపాటు పోటు చూపించుకోవడం అవసరం. 30 ఏళ్లు దాటిన ప్రతివారూ, ఏ బాధా లేకపోయినా, చూపించుకోవాలి. చూపించుకోబోయే ముందు అరగంటసేపు పొగాకు, టీ, కాఫీ ముట్టకూడదు. వెళ్లీ వెళ్లగానే కాక, అయిదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి చూపించుకోవాలి. ఎక్కువ వస్తే గాభరా పడవద్దు, మరొక రోజు మళ్లీ చూపించుకోండి. జబ్బు వున్నదని డాక్టరు చెప్పి మాత్రలు ఇస్తే, వాటిని డాక్టరు చెప్పకుండా మానవద్దు. పోటు తగ్గిందంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర పనిచేస్తున్నదని అర్థం. కాలువకు గట్టు వేశాము కాబట్టి నీరు పొలం మీద పడటం లేదు. నీరు రావడం లేదని గట్టు తవ్వుకుంటామా? ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో ఈ మాత్రలు ఉచితంగా ఇస్తారు. రక్తపుపోటును అదుపులో పెట్టడానికి 2017లో దేశంలో ప్రారంభించిన పథకాన్ని మొదట చేపట్టిన అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు చేపలు తగ్గించండి. రోజుకు మనిషికి అన్నిటిలో కలిపి ఉప్పు ఒక చెంచా, అంటే అయిదు గ్రాములు, మించకూడదు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఆపద రావచ్చు. మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఒక చేయి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం – ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా అది పక్షవాతపు గుర్తు. పసరు పోయించడానికీ, మంత్రం వేయించడానికీ తీసుకుపోయి కాలం వృథా చేయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. నాళం పూడి వచ్చిన పక్షవాతమైతే, నాలుగున్నర గంటలలోపల పెద్ద ఆసుపత్రి చేరితే గడ్డను కరిగించే మందు ఇచ్చే అవకాశం వుంటుంది. ఎంత ముందు చేరితే అంత మెదడు దక్కుతుంది. గుర్తులు మొదట ఎన్ని గంటలకు కనబడినవో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి.

చివరగా విస్తరణాధికారులకూ, ఆశా కార్యకర్తలకూ ఒక మాట. రైతులు మన దగ్గరకు ఎరువుల కోసం, విత్తనాల కోసం వస్తారు. రైతువేదికలో సమావేశం పెట్టిన రోజున నర్సమ్మను కూడ పిలిచి, ఒక మూల కుర్చీ వేసి పోటు చూపించండి. కూలీ ముఠాలు వచ్చినప్పుడు తోటకే పోయి చూడండి, వారు మన దగ్గరకు రాలేరు. "పొగ తాగుతావా?" అని అడిగితే "లేదు" అంటారు, మనం రాసుకొని వచ్చేస్తాము. "ఆకు గాని, ఖైనీ గాని, అంబరు గాని, నశ్యం గాని వాడతావా?" అని పేరు పేరునా అడగండి. మందలించి అడిగితే దాస్తారు. ఇంటి మనిషిలాగా అడగండి. బడి పిల్లల సంగతి మరువకండి. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి పొగాకు సరుకు అమ్మడం నేరం. బడికి 100 గజాల లోపల ఎవరికి అమ్మినా నేరమే. గుట్కాను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో నిషేధించారు, తెలంగాణ ఏర్పడిన తరువాత కూడ నిషేధపు ఉత్తర్వులు వెలువడినవి. చట్టం తన పని తాను చేస్తుంది. కాని తాత బొడ్లోని సున్నపు కాయను మనుమడు చూస్తూనే వుంటాడు. మొక్కై వంగనిది మానై వంగదు. తాతలు ముందు మానితే మనుమలు మొదలుపెట్టరు.

మొదట చెప్పిన రైతును మొన్న మళ్లీ చూశాను. కర్ర పట్టుకొని ఆరోగ్యకేంద్రానికి నడిచి వస్తున్నాడు. నెలనెలా పోటు చూపించుకుంటున్నాడు, మాత్ర తప్పడం లేదు. పొగాకు వదిలేశాడు. "ఎట్లా మానావు పెద్దాయనా?" అని అడిగాను. కుడిచేయి వంక చూపించి, "నలిపే చేయి పోయింది గదా బాబూ" అన్నాడు. కాసేపు ఆగి, "తమ్ముడికి పొగ కనపడుతుండె, భయం చెప్పిన. నాది కనపడలే. నాకు చెప్పేటోళ్లు లేకపోయె" అన్నాడు. నర్సమ్మ చెప్పింది గదా అని నేను అనలేదు. ఆ మాట ఆయనకు తెలుసు.

ఇవాళ మీకు చెప్పేవారు వున్నారు. చేయి బాగున్నప్పుడే ఆ సున్నపు కాయ పక్కన పెట్టండి. రేపు పొలానికి పోయే దోవలో ఒక్కసారి ఆగి, పోటు చూపించుకోండి.